మధ్యమానికి తీర్పు: వీడియో గేమ్‌ల విమర్శ చరిత్రలో హైదరాబాద్ అధ్యాయం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ నగరంలో వ్యాపార్ విహార్ అనే టోకు వర్తక కేంద్రం ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తన ప్రధాన మార్గాన్ని ఈ పట్టణం మీదుగా నడిపిన నాటి నుండి బిలాస్‌పూర్ రైల్వే ఊరుగా పెరిగింది. ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం ఇక్కడి రైల్వే కాలనీలలో స్థిరపడ్డాయి. 2003లో ఈ నగరం ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం కూడా అయింది. బళ్ళ మీద దిగే సరుకు బజారు చేరి, అక్కడి నుండి చిల్లర దుకాణాలకు పోవడం ఇటువంటి ఊళ్ళ నిత్యకృత్యం. ఏ టోకు బజారులోనైనా మేలు రకం సరుకు కొద్దిగా ఉంటుంది. పనికిరానిది కూడా కొద్దిగానే ఉంటుంది. వర్తకం సాగేదంతా నడిమి రకం మీదనే.

ఈ నడిమి రకాన్ని కొలవడానికి ప్రభుత్వం ఒక పద్ధతిని ఏర్పరచింది. కనీస మద్దతు ధరకు ధాన్యం సేకరించేటప్పుడు పాటించే ప్రమాణాన్ని ఎఫ్.ఎ.క్యూ. అని, అంటే తగు సగటు నాణ్యత అని వ్యవహరిస్తారు. వడ్లలో తేమ నూటికి 17 పాళ్ళకు మించరాదన్నది అందులో అందరికీ తెలిసిన నిబంధన. మట్టి, రాయి, తాలు, రంగు మారిన గింజ, ముడుచుకుపోయిన గింజ, ఇలా ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క హద్దు ఉంటుంది. రైతు తెచ్చిన ధాన్యాన్ని తిప్పి పంపవలసి వస్తే, ఏ హద్దు దాటినందువల్ల పంపుతున్నారో చెప్పడానికి వీలుంటుంది. తేమ ఎక్కువైతే ఆరబెట్టి తేవచ్చు. తాలు ఎక్కువైతే తూర్పారబట్టి తేవచ్చు. తీర్పులో కారణం ఇమిడి ఉన్నది గనుకనే ఆ తీర్పు రైతుకు ఉపయోగపడుతున్నది.

కళా విమర్శలో నడిమి రకానికి ఇటువంటి గౌరవం దక్కడం అరుదు. ఉత్తమ కృతులను గురించి గ్రంథాలు వెలువడతాయి. అధమ కృతులు పరిహాసానికి పాత్రమై, ఆ పరిహాసం వల్లనే గుర్తుండిపోతాయి. మధ్యమ కృతులకు ఒక అంకె, రెండు వాక్యాలు, ఆ తరువాత మరపు. ఈ అన్యాయం అతి స్పష్టంగా కనిపించే రంగం వీడియో గేమ్‌లది. యాభై ఏళ్ళు దాటిన ఈ కళారూపంలో మధ్యమ కృతులకు ఎటువంటి తీర్పులు లభించాయి, వాటి ఫలితమేమిటి అన్న ప్రశ్నకు హైదరాబాద్ నగరంలో తయారైన ఒక ఆట మంచి ఉదాహరణగా నిలుస్తున్నది.

పండితరాయల నాలుగు మెట్లు

మధ్యమాన్ని నిర్వచించే ప్రయత్నం భారతీయ అలంకారశాస్త్రంలో చాలాకాలం క్రితమే జరిగింది. మమ్మటుడు తన కావ్యప్రకాశంలో కావ్యాన్ని ఉత్తమ, మధ్యమ, అవర భేదాలతో మూడు విధాలుగా విభజించాడు. వాచ్యార్థాన్ని మించి వ్యంగ్యార్థం ప్రకాశిస్తే ఉత్తమం. వ్యంగ్యం ఉండి కూడా అప్రధానమైతే మధ్యమం. వ్యంగ్యస్ఫురణ లేక కేవలం శబ్దచిత్రమో అర్థచిత్రమో అయితే అవరం. ఇక్కడ మధ్యమమన్నది రెండు కొసల మధ్య మిగిలిపోయిన ఖాళీ కాదు. దానికి సొంత లక్షణమున్నది.

పదిహేడవ శతాబ్దంలో ఈ విభాగాన్ని మళ్ళీ తూకం వేసినవాడు తెలుగువాడు. కోనసీమలోని ముంగండ అగ్రహారానికి చెంది, మొగలు చక్రవర్తి షాజహాను ఆస్థానంలో పండితరాజ బిరుదం పొందిన జగన్నాథుడు తన రసగంగాధరంలో మూడు మెట్లు చాలవని వాదించాడు. అర్థంలో చమత్కారమున్న కావ్యాన్నీ, కేవలం శబ్దంలో చమత్కారమున్న కావ్యాన్నీ ఒకే గంపలో వేయడం తగదని ఆయన అభ్యంతరం. అందుచేత ఉత్తమోత్తమ, ఉత్తమ, మధ్యమ, అధమ అని నాలుగు మెట్లు ఏర్పరచాడు. ఉదాహరణ పద్యాలను ఇతరుల నుండి తీసుకోక తానే రచించి చూపాడు. కింది మెట్లలో ఉన్న కృతులకు సైతం తారతమ్యం ఉన్నదనీ, దానిని గుర్తించడం విమర్శకుని బాధ్యత అనీ ఈ వాదం వల్ల తేలుతున్నది. అది శాస్త్రం, ఆధునిక వాణిజ్య కళకు దానిని యథాతథంగా అన్వయించలేము. కాని "దేనివల్ల మధ్యమం?" అన్న ప్రశ్న మాత్రం నేటికీ చెల్లుతుంది.

గోతిలో పాతిన తీర్పు

వీడియో గేమ్‌లకు పత్రికా విమర్శ 1970ల చివర, 1980ల మొదట అమెరికా, బ్రిటన్ దేశాలలో రూపుదిద్దుకున్నది. 1981లో అమెరికాలో 'ఎలక్ట్రానిక్ గేమ్స్', బ్రిటన్‌లో 'కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్' పత్రికలు ప్రారంభమయ్యాయి. ఆ మరుసటి ఏడాదే ఈ రంగంలో అత్యంత ప్రసిద్ధమైన ప్రతికూల తీర్పుకు గురి అయిన ఆట విడుదలైంది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ చలనచిత్రం 'ఇ.టి.' ఆధారంగా అటారీ సంస్థ అదే పేరుతో 1982 డిసెంబరులో విడుదల చేసిన ఆట అది. క్రిస్మస్ అమ్మకాలకు అందించాలన్న తొందరలో హోవర్డ్ స్కాట్ వార్షా అనే రూపకర్తకు దొరికిన వ్యవధి సుమారు ఐదు వారాలు. ఆటలోని పాత్ర మాటిమాటికీ గోతులలో పడుతుండటం ఆడేవారికి విసుగు పుట్టించింది. దాదాపు నలభై లక్షల ప్రతులు తయారు కాగా, వాటిలో అధిక భాగం అమ్ముడు పోలేదు. 1983లో అటారీ తన మిగులు సరుకును న్యూమెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో పట్టణపు చెత్త పాతరలో పూడ్చివేసింది.

అటు తరువాత అమెరికాలో ఇళ్ళలో ఆడే వీడియో గేమ్‌ల వర్తకం కుప్పకూలింది. 1983లో సుమారు 320 కోట్ల డాలర్లుగా ఉన్న రాబడి 1985 నాటికి 10 కోట్ల డాలర్లకు పడిపోయిందని సాధారణంగా చెబుతారు. ఆ పతనానికి ఈ ఒక్క ఆటే కారణమన్న మాట ప్రచారంలోకి వచ్చింది. చరిత్రకారులు దానిని అంగీకరించరు. లెక్కకు మించిన సంస్థలు నాసిరకం ఆటలతో బజారును ముంచెత్తడం, దుకాణదారుల వద్ద సరుకు పేరుకుపోవడం, చవక ధరలకు ఇంటి కంప్యూటర్లు రావడం మొదలైన కారణాలు అనేకం కలిశాయి. 'ప్రపంచంలో అన్నిటికన్న చెడ్డ ఆట' అన్న తీర్పు ఎంత సులభంగా వ్యాపించిందో, కారణాల విచారణ అంత ఆలస్యంగా జరిగింది.

2014 ఏప్రిల్ 26న ఆ పాతరను తవ్వినప్పుడు సుమారు 1,300 కార్ట్రిడ్జ్‌లు బయటపడ్డాయి. వాటిలో ఒకటి అదే సంవత్సరం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియానికి చేరింది. ఈలోగా కొత్త తరం వారు ఆ ఆటను మళ్ళీ ఆడి చూశారు. లోపాలు నిజమే అయినా, ఐదు వారాలలో ఒక మనిషి చేసిన పనిలో సాహసం ఉన్నదనీ, అధమాధమమన్న ముద్ర అతిశయోక్తి అనీ అభిప్రాయపడినవారున్నారు. అదే వార్షా అంతకు ముందు రూపొందించిన 'యార్స్ రివెంజ్' ఆ యంత్రానికి వచ్చిన మేలైన ఆటలలో ఒకటిగా పేరు పొందింది. ప్రతి దొరికింది గనుక తీర్పును తిరగదోడడం సాధ్యమైంది. ఈ విషయం గుర్తుంచుకోదగినది.

ముద్రలు, మార్కులు, సగటులు

పతనం నేర్పిన పాఠాన్ని వర్తకులు తమదైన రీతిలో గ్రహించారు. జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ 1985లో అమెరికాలో తన యంత్రాన్ని ప్రవేశపెట్టినప్పుడు, అనుమతి లేని ఆటలు అందులో పనిచేయకుండా అడ్డుకునే చిప్పును అమర్చింది. అనుమతి పొందిన ఆటల పెట్టెల మీద నాణ్యతా ముద్ర వేసింది. అంటే అమ్మకానికి ముందే ఒక తీర్పు. ఆ ముద్ర నాసిరకం ఆటలను పూర్తిగా ఆపలేకపోయినా, బజారు మీద కొనుగోలుదారులకు నమ్మకం మళ్ళీ కలగడానికి తోడ్పడింది.

1986లో జపాన్‌లో ప్రారంభమైన 'ఫామిత్సు' పత్రిక నలుగురు సమీక్షకులు ఒక్కొక్కరు పదేసి మార్కులు వేసే పద్ధతిని ప్రసిద్ధం చేసింది. నలభైకి నలభై మార్కులు తొలిసారిగా 1998లో నింటెండో వారి 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్' అనే ఆటకు వచ్చాయి. ఒక్కరి అభిరుచి తీర్పు కారాదన్నది ఈ పద్ధతిలోని మంచి. విడివిడి అభిప్రాయాలు మొత్తంలో కరిగిపోయి, పాఠకుని దృష్టిలో చివరికి అంకె మాత్రమే మిగలడం ఇందులోని లోటు.

2001లో అమెరికాలో వెలసిన 'మెటాక్రిటిక్' ఈ అంకెలను మరొక మెట్టు పైకి తీసుకుపోయింది. వివిధ పత్రికల మార్కులను నూటికి మార్చి, వాటికి వేర్వేరు ప్రాధాన్యాలిచ్చి సగటు కట్టడం దాని విధానం. ఏ పత్రికకు ఎంత ప్రాధాన్యమిస్తారో వారు వెల్లడించరు. ఆటల విషయంలో 75, అంతకు పైన వస్తే ఆకుపచ్చ, 50 నుండి 74 వరకు పసుపుపచ్చ, అంతకు తగ్గితే ఎరుపు. గణితం ప్రకారం పదికి ఐదు సగటు కావాలి. పత్రికల వాడుకలో మాత్రం పదికి ఏడు వచ్చిన ఆటను సామాన్యమని చూడటం అలవాటైంది. దానితో మధ్యమమన్న మాటకు నిర్దిష్టమైన చోటు లేకుండా పోయింది.

ఈ సగటులు జీవనోపాధులను కూడా తాకాయి. 2010లో విడుదలైన 'ఫాల్అవుట్: న్యూ వెగాస్' ఆటను తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు మెటాక్రిటిక్‌లో 85 వస్తే అదనపు పారితోషికం ముట్టజెప్పేటట్లు ఒప్పందం ఉండేదనీ, 84 మాత్రమే రావడంతో అది అందలేదనీ 2012లో ఆ సంస్థ ప్రముఖుడు క్రిస్ ఆవెలోన్ బహిరంగంగా తెలిపాడు. ఆ ఒక్క మార్కు ఎక్కడ తగ్గిందో, ఏ లోపానికి తగ్గిందో సగటు చెప్పదు. తాలు ఎక్కువైందో, తేమ ఎక్కువైందో తెలియకుండా ధాన్యం తిరిగి వచ్చిన రైతు పరిస్థితి వంటిదే ఇది.

హైదరాబాద్ ఆట

తీర్పుల ఈ వాతావరణంలోనే హైదరాబాద్ నుండి ఒక ఆట వెలువడింది. అంతకు ముందు భారతదేశంలో ఈ పరిశ్రమ లేదని కాదు. బెంగళూరులో 1997లో ధ్రువ ఇంటరాక్టివ్, ముంబైలో 1999లో ఇండియాగేమ్స్ ప్రారంభమయ్యాయి. కాని ఆనాటి పనిలో హెచ్చు భాగం విదేశీ సంస్థల ఆటలకు బొమ్మలు, భాగాలు తయారుచేసి ఇవ్వడం, లేదా మొబైల్ ఫోన్లకు చిన్న ఆటలు రూపొందించడం. టెలివిజన్‌కు తగిలించి ఆడే కన్సోల్ యంత్రానికి మొదటి నుండి చివరి వరకు ఇక్కడే ఒక ఆటను రూపొందించడం వేరు. 2009లో హైదరాబాద్‌కు చెందిన అరోనా టెక్నాలజీస్ ఆ పని చేసింది. సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2 కోసం ప్రచురించిన ఆ ఆట పేరు 'హనుమాన్: బాయ్ వారియర్'. పూర్తిగా భారతదేశంలో రూపొందిన తొలి ప్లేస్టేషన్ ఆటగా దానికి ప్రచారం లభించింది.

ఈ ఆటకు మూడు దిక్కుల నుండి మూడు తీర్పులు వచ్చాయి. మొదటిది పరిశ్రమ తీర్పు. 'తొలి' అన్న మాటే దానికి ఆధారం. రెండవది ధార్మిక తీర్పు. ఆరాధ్య దైవాన్ని మీటలతో ఆడించడం దేవతను చులకన చేయడమే అవుతుందని అమెరికాలోని హిందూ మతనాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం తెలిపి, ఆటను ఉపసంహరించవలసిందిగా సోనీని కోరాడు. తోలుబొమ్మలాటలో హనుమంతుని బొమ్మను చేతితో ఆడించి రామాయణం చెప్పిన తెలుగు దేశంలో ఈ ప్రశ్నకు మరొక కోణం కూడా ఉన్నది. అయినా, ప్రదర్శకుడు భక్తితో ఆడించడానికీ, ఆటగాడు గెలుపోటముల కోసం ఆడించడానికీ భేదముందని ఎవరైనా అంటే దానిని తోసిపుచ్చలేము. మూడవది విమర్శకుల తీర్పు. అది కఠినంగానే వచ్చింది.

విమర్శకుల కొలమానం ఏమిటో గమనించాలి. ప్లేస్టేషన్ 2 జపాన్‌లో 2000 మార్చిలో విడుదలైంది. 2005లో 'గాడ్ ఆఫ్ వార్', 2007లో దాని రెండవ భాగం ఆ యంత్రం మీదనే వెలువడి, పురాణకథా నేపథ్యం గల పోరాట ఆటలకు ఒక ప్రమాణాన్ని నెలకొల్పాయి. 2006లోనే ప్లేస్టేషన్ 3 వచ్చింది. కనుక హైదరాబాద్ ఆట విడుదలయ్యేనాటికి ఆ యంత్రం శక్తినంతా పిండిన ఆటలు విమర్శకుల కళ్ళ ముందున్నాయి. యంత్రం ప్రధాన జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు మాత్రమే. అంత ఇరుకు చోటులో దృశ్యం, చలనం, శబ్దం అన్నిటినీ ఇమిడ్చే నేర్పు ఇతర దేశాల బృందాలకు ఒకదాని వెంట ఒకటిగా పలు ఆటలు చేయగా అబ్బింది. తొలి ప్రయత్నం చేస్తున్న బృందానికి ఆ అనుభవం లేదు.

కొనేవాని దృష్టిలో ఈ సాకు చెల్లదు. డబ్బు పెట్టి కొన్న ఆట బాగుండాలి. తయారీదారు అనుభవం ఎంతన్నది కొన్నవానికి సంబంధించిన విషయం కాదు. విమర్శకుడు కొనేవాని పక్షాన నిలబడటం న్యాయమే. కనుక కఠినమైన తీర్పు ఇవ్వడంలో తప్పు లేదు. అసలు చిక్కు మరొక చోట ఉన్నది. పరిశ్రమ 'తొలి' అన్నది, మతనాయకుడు 'తగదు' అన్నాడు, విమర్శకుడు 'బాగులేదు' అన్నాడు. ఈ ఆట నుండి తరువాతి బృందం ఏమి నేర్చుకోవాలి అన్న ప్రశ్న మాత్రం ఈ మూడు తీర్పులలోనూ ప్రధానం కాలేదు.

తరువాతి మెట్లు

ఆ తరువాత కొన్నేళ్ళ పాటు భారతీయ ఆటలు వరుసగా వచ్చాయి. హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర సంస్థ 2009లోనే మన దేశీయ ఆటలు ఇతివృత్తంగా 'దేశీ అడ్డా'ను, 2013లో హిందీ చలనచిత్రం ఆధారంగా 'డాన్ 2'ను అందించింది. 2011లో 'రా.వన్' చిత్రం పేరుతో ముంబైకి చెందిన ట్రైన్ సంస్థ ఒక ఆటను తయారుచేసింది. పాత యంత్రాలు అప్పటికీ భారతీయ గృహాలలో వాడుకలో ఉండటమే ప్లేస్టేషన్ 2కు ఈ ఆటలు రావడానికి కారణం. 2013లో ఆ యంత్రం తయారీ నిలిచిపోయింది. దానితో ఈ శాఖ ముగిసింది. ఈ ఆటలలో ఏదీ ఉత్తమ శ్రేణికి చేరలేదు. అయినా ఒక నగరంలో కన్సోల్ ఆటలు తయారుచేసే పని వరుసగా సాగిందన్నది చరిత్ర.

2017లో హైదరాబాద్‌లోనే ఓగ్రె హెడ్ స్టూడియో అనే చిన్న సంస్థ 'అసుర' అనే ఆటను కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. ఆడిన ప్రతిసారీ శక్తుల వృక్షం కొత్తగా అమరడం దాని ప్రత్యేకత. 2020లో పుణేకు చెందిన నోడింగ్ హెడ్స్ సంస్థ 'రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్' ఆటను వెలువరించింది. దానికి వచ్చిన సమీక్షలు మధ్యమ విమర్శ ఎట్లా ఉండవచ్చునో చూపుతున్నాయి. చిత్రకళ, వాస్తు, కథనం మెప్పు పొందాయి. పోరాటంలో పట్టు తక్కువనీ, ముగింపు అర్ధంతరంగా ఉన్నదనీ పలువురు ఆక్షేపించారు. ఏది బాగున్నదో, ఏది తగ్గిందో విడదీసి చెప్పిన తీర్పు అది. ఆ ఏడాది అమెరికాలోని ప్రసిద్ధమైన గేమ్ అవార్డులలో ఉత్తమ తొలి ఆట విభాగానికి 'రాజీ' నామినేషన్ పొందింది.

భద్రపరచవలసిన బాధ్యత

విమర్శ ఎంత సహేతుకమైనా, కృతి మిగలకపోతే దానిని పరీక్షించే అవకాశం తరువాతి తరానికి ఉండదు. చలనచిత్ర రంగం ఈ విషయంలో మనకు చేదు అనుభవం మిగిల్చింది. 1921 నాటి తొలి తెలుగు మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' నేడు లభ్యం కాదు. 1931 నాటి తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' కూడా లభ్యం కాదు. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఏర్పడింది 1964లో. అప్పటికే ఎన్నో చిత్రాలు నశించాయి. తొలి చిత్రాలన్నీ కళాఖండాలు కాకపోవచ్చు. అవి ఉత్తమమో మధ్యమమో చూసి నిర్ణయించే హక్కును మాత్రం మనం పోగొట్టుకున్నాము.

వీడియో గేమ్‌ల పరిస్థితి ఇంతకన్న మెరుగ్గా లేదు. అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన పాత ఆటలలో నూటికి 87 మార్కెట్‌లో దొరకడం లేదు. ప్రసిద్ధమైన ఆటలు మళ్ళీ మళ్ళీ విడుదలవుతాయి. మధ్యమ ఆటలే ముందుగా కనుమరుగవుతాయి. మన దేశంలో 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతి పుస్తకాన్ని కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు ప్రజా గ్రంథాలయాలకూ పంపాలి. 1956 సవరణతో వార్తాపత్రికలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. ఆ చట్టం పుస్తకం మంచిదా చెడ్డదా అని అడగదు. అన్నిటినీ తీసుకుంటుంది. వీడియో గేమ్‌లు దాని పరిధిలో లేవు.

యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగాల అభివృద్ధికి కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ 2022లో ఒక కార్యదళాన్ని నియమించింది. అదే ఏడాది డిసెంబరులో దాని నివేదిక వెలువడింది. ఈ రంగానికి జాతీయ స్థాయి మిషన్ కావాలని అది సిఫారసు చేసింది. కొత్త ఆటల తయారీకి ప్రోత్సాహం లభిస్తున్న ఈ సమయంలో పాత ఆటల ప్రతులను, వాటి నిర్మాణ పత్రాలను, వాటిపై వచ్చిన సమీక్షలను ఒక చోట చేర్చడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్లేస్టేషన్ 2 డిస్కులు గీతలు పడి, యంత్రాలు మూలబడి, నాడు పనిచేసినవారు ఇతర వృత్తులకు మళ్ళితే, ఆ తరువాత ఎంత ఖర్చు పెట్టినా అది సాధ్యం కాదు.

'హనుమాన్: బాయ్ వారియర్' గొప్ప ఆట అని ఎవరూ అనలేదు, అననవసరం లేదు కూడా. హైదరాబాద్‌లో ఒక బృందం 32 మెగాబైట్ల ఇరుకులో తొలిసారి ఏమి చేయగలిగింది, ఎక్కడ తడబడింది అన్నది తెలియాలంటే ఆ ఆట ఒక గ్రంథాలయంలోనో మ్యూజియంలోనో ఆడటానికి వీలుగా ఉండాలి. నాటి విమర్శకుల తీర్పు సరియైనదే అని తేలినా నష్టం లేదు. ఏ తేమ వల్ల, ఏ తాలు వల్ల అది తిరస్కారానికి గురి అయిందో అప్పుడు కొత్త తరానికి తెలుస్తుంది. మరుసటి పంటకు పనికివచ్చే సమాచారం అదే.